న్యూస్‌బోట్: టెర్మినల్‌లోనే వార్తల ఫీడ్లు – ఎక్కడ గట్టిది, ఎక్కడ మొండిది

న్యూస్‌బోట్ టెర్మినల్లో, అంటే కమాండ్లు టైపు చేసే అక్షరాల తెరలో, నడిచే ఫీడ్ రీడర్. ఫీడ్ అంటే సైటు తన కొత్త వ్యాసాల జాబితాని ప్రోగ్రాంలు చదివేట్టు ఇచ్చే ఫైలు. దీన్ని వార్తలు చదివే యాప్ అనుకుని పెట్టుకుంటే నిరాశే మిగులుతుంది. చదివించడం కన్నా ఏరిపెట్టడంలోనే దాని గొప్పతనం ఉంది. వందో రెండొందలో సైట్ల నుంచి వచ్చిపడే శీర్షికల్లో అక్కర్లేనివాటిని పక్కకు తోసి, కావలసిన పదిహేనో ఇరవయ్యో ఒక్క తెర మీద నిలబెట్టే జల్లెడ ఇది. ఆ పనికి టెర్మినల్లో దీన్ని మించింది లేదన్నది నా గట్టి అభిప్రాయం. తెలుగు ఫీడ్లు చదివేవాళ్లకు మాత్రం ఒక పెద్ద చిక్కుంది. అది న్యూస్‌బోట్ ఒక్కదాని తప్పు కాదు, టెర్మినల్ కట్టుబడిలోనే ఉంది. దాని సంగతీ, దాటే దారీ కింద ఉన్నాయి.

పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా. ఆండ్రియాస్ క్రెన్‌మైర్ 2007లో న్యూస్‌బ్యూటర్ అనే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. 2017కల్లా దాని ఆలనాపాలనా ఆగిపోయింది. అలెగ్జాండర్ బాతిషెవ్ ఆ కోడునే తీసుకుని, అదే ఏడాది 2.10 వెర్షన్‌తో న్యూస్‌బోట్‌ని విడుదల చేశాడు. మొదట అంతా సీ ప్లస్‌ప్లస్సే, తర్వాత కొన్ని భాగాలు రస్ట్‌లోకి మారాయి. ఎమ్‌ఐటీ లైసెన్సు, పైసా ఖర్చు లేదు. ఫీడ్లు చదివించే సేవ గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడ్డప్పుడు ఫీడ్ల పని అయిపోయిందన్నవాళ్లు చాలామంది. అయినా 2002 నాటి ఆర్‌ఎస్‌ఎస్ 2.0, 2005 నాటి ఆటమ్ అనే ఫీడ్ రూపాలు రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి, న్యూస్‌బోట్ రెండింటినీ చదువుతుంది.

ఒక్కమాట ముందే. ఈ వ్యాసంలో కమాండ్లనీ సెట్టింగులనీ పలికేట్టు తెలుగులో రాశాం. ఫైల్లోనూ టెర్మినల్లోనూ వాటిని ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో, హైఫన్ ఉన్నచోట హైఫన్‌తో టైపు చెయ్యాలి.

పెట్టుకోవడం

ఉబుంటు, డెబియన్‌లలో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ న్యూస్‌బోట్’. ఫెడోరాలో డీఎన్‌ఎఫ్, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్, మ్యాక్‌లో బ్రూ. ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ ఉంటే ‘పీకేజీ ఇన్‌స్టాల్ న్యూస్‌బోట్’ చాలు. విండోస్‌లో నేరుగా నడవదు, దాని లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో పెట్టుకోవాలి. ఉబుంటు ఎల్‌టీఎస్ ప్యాకేజీ కాస్త పాతబడి ఉంటుంది. కింద చెప్పినవాటిలో ఎక్కువభాగం పాతదానిలోనూ పనిచేస్తాయి, కాబట్టి కొత్తదాని కోసం సోర్సు నుంచి కట్టుకునే శ్రమ మొదట్లోనే వద్దు.

మొదటిసారి నడిపితే ఫీడ్ల చిరునామాలేవీ లేవని చెప్పి బయటికొచ్చేస్తుంది. కొత్తవాళ్లు కంగారుపడేది ఇక్కడే. హోమ్ ఫోల్డర్‌లో ‘డాట్ న్యూస్‌బోట్’ అనే ఫోల్డర్, అందులో ‘యూఆర్‌ఎల్స్’ అనే మామూలు టెక్స్ట్ ఫైలు ఉండాలి. ‘డాట్ కాన్ఫిగ్’ కింద ‘న్యూస్‌బోట్’ ఫోల్డర్ ముందే చేసి ఉంచితే దాన్నే వాడుకుంటుంది. అలాంటప్పుడు దింపుకున్న వ్యాసాల నిల్వ ‘డాట్ లోకల్, షేర్, న్యూస్‌బోట్’ దారిలోకి వెళ్తుంది. రెండుచోట్లా ఫైళ్లు పెట్టి ‘మార్చినా మారట్లేదేంటి’ అని తల పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. ఏదో ఒక్కచోటే ఉంచండి.

యూఆర్‌ఎల్స్ ఫైలే ప్రాణం

వరుసకు ఒక ఫీడ్ చిరునామా. దాని పక్కనే ఖాళీ వదిలి ట్యాగులు రాయొచ్చు, ఎన్నయినా సరే. ~ గుర్తుతో మొదలయ్యే ట్యాగు ఆ ఫీడ్‌కి మీరు పెట్టుకున్న పేరవుతుంది. పేరులో ఖాళీ ఉంటే మొత్తాన్ని డబుల్ కొటేషన్లలో పెట్టాలి. ఆశ్చర్యార్థకం ఒంటరిగా ట్యాగుగా రాస్తే ఆ ఫీడ్ జాబితాలో కనబడదు. కానీ దాని వ్యాసాలు నిల్వలోకి వస్తూనే ఉంటాయి, కింద చెప్పబోయే క్వెరీ వరుసల్లో దొరుకుతాయి. హ్యాష్‌తో మొదలైన వరుస వ్యాఖ్య.

చాలా సైట్లు ఫీడ్ గుర్తుని తీసేశాయి కానీ ఫీడ్‌ని తీసెయ్యలేదు. చిరునామా పోలిక తెలిస్తే దొరుకుతుంది. వర్డ్‌ప్రెస్ సైటయితే చివర ‘/ఫీడ్/’ చేర్చండి. ఒక వర్గం వ్యాసాలే కావాలంటే ఆ వర్గం పేజీ చిరునామాకే చేర్చండి. బ్లాగర్‌లో ‘/ఫీడ్స్/పోస్ట్స్/డిఫాల్ట్’. వ్యాఖ్యల కోసం ‘పోస్ట్స్’ బదులు ‘కామెంట్స్’. గిట్‌హబ్ ప్రాజెక్టు కొత్త విడుదలలు తెలియాలంటే విడుదలల పేజీ చిరునామా చివర ‘.ఆటమ్’. యూట్యూబ్ చానెల్‌కి ‘ఫీడ్స్/వీడియోస్.ఎక్స్‌ఎమ్‌ఎల్’ తర్వాత ప్రశ్నార్థకం, ‘చానెల్_ఐడీ’, సమానం గుర్తు, ఆ ఐడీ. తెలుగు వికీపీడియాలో ఏ పేజీ చరిత్రకైనా చిరునామాలో ‘ఫీడ్=ఆటమ్’ జోడిస్తే ఆ పేజీలో మార్పు జరిగినప్పుడల్లా వరుస వచ్చి చేరుతుంది. మీరు కష్టపడి రాసిన వ్యాసాన్ని ఎవరైనా మారిస్తే వెంటనే తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు. బీబీసీ తెలుగుకీ ఫీడుంది. తెలుగు బ్లాగుల్లో ఎక్కువభాగం బ్లాగర్, వర్డ్‌ప్రెస్‌ల మీదే ఉన్నాయి కాబట్టి పై రెండు పోలికలతోనే చాలావరకు పట్టుకోవచ్చు. ఒకప్పుడు కూడలి, మాలిక, హారం లాంటి సైట్లు చేసిన, బ్లాగులన్నిటినీ ఒకచోట పోగేసే సంకలినుల పనిని ఇప్పుడు ఎవరికి వారు ఇంట్లోనే చేసుకోవచ్చన్నమాట.

ఫీడ్ ఎన్ని వ్యాసాలు మోస్తుందో చూసుకోండి. వర్డ్‌ప్రెస్ మామూలుగా చివరి 10 ఇస్తుంది, యూట్యూబ్ 15, బ్లాగర్ 25. రోజుకు అరవై వార్తలు వేసే సైటు ఫీడ్‌లో పదే ఉంటే, మీరు రోజుకోసారి తెచ్చుకుంటే యాభై వార్తలు మీ నిల్వలోకి ఎప్పటికీ రావు. ‘న్యూస్‌బోట్ వార్తలు మింగేస్తోంది’ అనే ఫిర్యాదుకి కారణం తరచూ ఇదే. జోరుగా ప్రచురించే సైట్లుంటే గంటకోసారైనా తెప్పించుకోవాలి.

కాన్ఫిగ్‌లో మార్చాల్సినవి

మీటలు కాసేపట్లో వేళ్లకు అలవాటవుతాయి. చిన్న ఆర్ ఒక్క ఫీడ్‌ని, కేపిటల్ ఆర్ అన్నిటినీ తాజా చేస్తుంది. ఎంటర్‌తో తెరవడం, ఓ నొక్కితే బ్రౌజర్, చిన్న ఎన్‌తో తర్వాతి చదవని వ్యాసం, కేపిటల్ ఏతో ఫీడ్ మొత్తం చదివినట్టు గుర్తు. టీతో ట్యాగు ఎంచుకోవడం, స్లాష్‌తో నిల్వంతా వెతకడం. ప్రశ్నార్థకం నొక్కితే మిగతావన్నీ కనిపిస్తాయి. వాటి గురించి ఇంతకన్నా చెప్పాల్సిందేమీ లేదు. యూఆర్‌ఎల్స్ ఫైలు పక్కనే ‘కాన్ఫిగ్’ అనే ఫైల్లో రాసే సెట్టింగుల డిఫాల్ట్‌ల దగ్గర మాత్రం కాస్త ఆగాలి.

రీలోడ్-థ్రెడ్స్ డిఫాల్ట్ 1. అంటే ఒక ఫీడ్ పూర్తయ్యాకే రెండోది. డౌన్‌లోడ్-టైమవుట్ డిఫాల్ట్ 30 సెకన్లు. మీ జాబితాలో జవాబివ్వని సర్వర్లు పది ఉన్నాయంటే, వాటి దగ్గరే ఐదు నిమిషాలు గోడకేసి చూస్తూ నిలబడుతుంది. రీలోడ్-థ్రెడ్స్ 8, డౌన్‌లోడ్-టైమవుట్ 15 పెట్టండి. రెండొందల ఫీడ్లున్నా తేడా కళ్లకు కనబడుతుంది. థ్రెడ్లు మరీ ముప్పై నలభై పెట్టకండి. ఒకే సర్వర్ మీద పది బ్లాగులుంటే ఒక్కసారిగా పది అభ్యర్థనలు పడి, 429 అనే తిరస్కారం వస్తుంది. రెడిట్ ఫీడ్లు పెట్టుకున్నవాళ్లు దీన్ని త్వరగానే చూస్తారు.

ఆటో-రీలోడ్ యెస్ పెడితే తెరిచి ఉన్నంతసేపూ దానంతటదే తెచ్చుకుంటుంది. రీలోడ్-టైమ్ నిమిషాల్లో, డిఫాల్ట్ 60. అది బాగానే ఉంది, 30కి దించొచ్చు. అంతకన్నా తగ్గించి ప్రయోజనం లేదు. పోయినసారి తర్వాత ఏమైనా మారిందా అని మాత్రమే అడిగే పద్ధతి దీనిలో ఉంది కాబట్టి మారని ఫీడ్‌కి సర్వర్ 304 అనే చిన్న జవాబిచ్చి ఊరుకుంటుంది, డేటా ఖర్చు నామమాత్రం. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఫీడ్‌కొక్క వేళ విడివిడిగా పెట్టే సౌకర్యం మాత్రం లేదు. నెలకోసారి రాసే బ్లాగునీ నిమిషానికో వార్త వేసే పత్రికనీ ఒకే గంట కొట్టి పలకరిస్తుంది. ఈ లోటు తీర్చాల్సిందే.

మాక్స్-ఐటమ్స్ డిఫాల్ట్ సున్నా, అంటే హద్దు లేదు. ఏడాది తిరిగేసరికి నిల్వ ఫైలు ఉబ్బి, తెరుచుకోవడం నెమ్మదిస్తుంది. ఫీడ్‌కి 300 పెడితే చాలామందికి సరిపోతుంది. దాచుకోవాలనుకున్న వ్యాసాలకు కంట్రోల్-ఈతో ఏదో ఒక అక్షరాన్ని జెండాగా వెయ్యండి, జెండా ఉన్నవాటిని ఈ కోత ముట్టుకోదు. ఉబ్బిన ఫైలుని కుదించడానికి న్యూస్‌బోట్‌ని కేపిటల్ ఎక్స్ ఆప్షన్‌తో ఒకసారి నడపాలి.

క్లీనప్-ఆన్-క్విట్ జాగ్రత్త. దీన్ని యెస్ చేస్తే యూఆర్‌ఎల్స్ ఫైల్లో లేని ఫీడ్ల వ్యాసాలన్నీ బయటికొచ్చేటప్పుడు తుడిచేస్తుంది. ఓ వరుస ముందు హ్యాష్ పెట్టి ‘తాత్కాలికంగా ఆపుదాం’ అనుకుంటే, ఆ ఫీడ్‌లో ఏళ్లుగా దాచినవి క్యూ నొక్కిన క్షణంలో పోతాయి. కొత్త వెర్షన్లలో డిఫాల్ట్ ‘నడ్జ్’, అది గుర్తు చేస్తుందే గానీ తుడవదు. అలాగే ఉంచండి.

బ్రౌజర్ సెట్టింగులో ఫైర్‌ఫాక్స్ పేరు రాస్తే, అప్పటికి ఫైర్‌ఫాక్స్ తెరిచి లేనప్పుడు, దాన్ని మూసేదాకా న్యూస్‌బోట్ కదలకుండా ఉండిపోతుంది. వేలాడిందనుకుని చంపేస్తారు చాలామంది. కమాండ్ చివర & గుర్తు చేరిస్తే విడివిడిగా నడుస్తాయి. ఏమీ రాయకపోతే లింక్స్ అనే అక్షరాల బ్రౌజర్ కోసం వెతుకుతుంది, అది మీ మిషన్‌లో ఉండకపోవచ్చు.

క్వెరీ వరుసలు

న్యూస్‌బోట్‌ని మిగతావాటి నుంచి వేరుచేసేది ఇదే. యూఆర్‌ఎల్స్ ఫైల్లో చిరునామా బదులు ఒక ప్రశ్న రాస్తే, ఆ ప్రశ్నకు సరిపడే వ్యాసాలన్నీ ఏ ఫీడ్ నుంచి వచ్చినా ఒకచోట చేరి, మామూలు ఫీడ్‌లా కనిపిస్తాయి. రూపం ఇలా ఉంటుంది:

"క్వెరీ:ఇవాళ్టివి:అన్‌రెడ్ = \"యెస్\" అండ్ ఏజ్ బిట్వీన్ 0:1"

మొదటి రెండు చుక్కల తర్వాత మీరు పెట్టే పేరు, రెండో రెండు చుక్కల తర్వాత షరతు. ఏజ్ అంటే వ్యాసం వయసు రోజుల్లో. మొత్తం వరుస డబుల్ కొటేషన్లలో ఉండాలి, లోపలి కొటేషన్ల ముందు వెనకగీత (\) పెట్టాలి. పదిమందిలో తొమ్మిదిమంది తప్పేది ఇక్కడే. టైటిల్, కంటెంట్, ఆథర్, ట్యాగ్స్, ఫీడ్‌టైటిల్, ఫ్లాగ్స్ లాంటివాటి మీద షరతులు పెట్టొచ్చు. ట్యాగు ఉందా అని అడగడానికి హ్యాష్ గుర్తు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కి (అక్షరాల పోలికని వర్ణించే రాతకి) =~, కానిదానికి !~.

రాసి చూశాక క్వెరీ ఫీడ్ పక్కన సున్నా కనిపిస్తే కంగారొద్దు. తెరిచేదాకా అది లెక్క వెయ్యదు. ప్రీపాప్యులేట్-క్వెరీ-ఫీడ్స్ యెస్ పెడితే మొదలవగానే లెక్క వస్తుంది, తెరుచుకోవడం మాత్రం కొంచెం ఆలస్యమవుతుంది.

తెలుగు మాటలతో క్వెరీ రాయడం వేరే విద్య. మన మాట వాక్యంలో రూపం మార్చుకుంటూ ఉంటుంది. ‘హైదరాబాద్’ అని రాస్తే ‘హైదరాబాదులో’, ‘హైదరాబాదీలు’ దొరకవు. పొల్లు తీసేసి ‘హైదరాబాద’ దాకా రాస్తే అన్నీ పడతాయి, ఎందుకంటే పొల్లైనా కొమ్మైనా ‘ద’ తర్వాతే వేరే సంకేతంగా వస్తుంది. అలాగే ‘ఎన్నిక’ అంటే ఎన్నికలు, ఎన్నికల్లో, ఎన్నికైన అన్నీ వస్తాయి. మరీ పొట్టి చేస్తే పొట్టు కూడా వస్తుంది. ‘వర్ష’ అని రాస్తే వర్షం, వర్షాలతో పాటు వర్షిణి అనే నటి వార్తలూ వచ్చి చేరతాయి. ‘వర్ష(ం|ా|పా)’ అని రాస్తే వర్షం, వర్షాలు, వర్షపాతం మూడూ ఉండి, వర్షిణి తప్పుకుంటుంది. ‘వాన’ రాసినవాళ్లకు వానరాలు తప్పవు.

కంటికి కనబడని చిక్కు ఇంకొకటి. ‘హైదరాబాద్‌లో’ అన్న మాటలో పొల్లుకీ ‘లో’కీ మధ్య ఒక అదృశ్య అక్షరం ఉంటుంది, ఒత్తు పడకుండా విడదీసేది. కొన్ని సైట్లు దాన్ని వేస్తాయి, కొన్ని వెయ్యవు. పొల్లు దాటి రాసిన షరతు సగం సైట్లలోనే పనిచెయ్యడానికి కారణం అదే. ‘ఐత్వం’ కూడా రెండు రకాలుగా నిల్వ అయ్యే వీలుంది: ఒకే సంకేతంగా, లేదా ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి. ఎక్కువ సైట్లు మొదటిదే వాడతాయి. ఒక సైటు ‘హైదరాబాద’ క్వెరీకి అస్సలు లొంగకపోతే ఐత్వాన్ని వదిలి ‘దరాబాద’ అని రాయండి.

అక్కర్లేనివాటిని తోసెయ్యడానికి ఇగ్నోర్-ఆర్టికల్ ఉంది. కాన్ఫిగ్‌లో దాని పక్కన కొటేషన్లలో నక్షత్రం పెడితే అన్ని ఫీడ్లకూ వర్తిస్తుంది, ఫీడ్ చిరునామా రాస్తే దానికొక్కదానికే. తర్వాత క్వెరీ తరహాలోనే షరతు. రాశిఫలాలు, లాటరీ ఫలితాలు, ‘షాకింగ్’ అన్న మాటతో మొదలయ్యే శీర్షికలు – నాలుగు వరుసలతో తెరంతా తేటపడుతుంది. కానీ డిఫాల్ట్ పద్ధతిలో షరతుకి తగిలిన వ్యాసం నిల్వలోకే రాదు. షరతు తప్పని తర్వాత తెలిసినా, ఫీడ్‌లోంచి జారిపోయినవి తిరిగి దొరకవు. మొదటి నెలంతా ఇగ్నోర్-మోడ్‌ని ‘డిస్‌ప్లే’లో ఉంచండి. అప్పుడు వ్యాసం నిల్వలో ఉంటుంది, తెర మీద మాత్రం కనబడదు. షరతు తీసేస్తే తిరిగొస్తుంది.

తెలుగు తెర మీద ఎలా కనిపిస్తుంది

టెర్మినల్ తెర సమానమైన గళ్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి. తెలుగుకి ఆ లెక్క కుదరదు. యూనికోడ్ వర్గీకరణ ప్రకారం దీర్ఘం, గుడి, ఎత్వం, ఓత్వం, పొల్లు సాధారణంగా సున్నా గడుల లెక్కలోకి వస్తాయి. కొమ్ము, కొమ్ముదీర్ఘం, సున్న, విసర్గ ఒక్కో గడి తీసుకుంటాయి. పొల్లుకి గడి లేకపోయినా దాని తర్వాతి హల్లుకి ఉంది కాబట్టి ‘రాష్ట్రం’ అనే మాటకు ర, ష, ట, ర, సున్న – మొత్తం ఐదు గడులు. చదివేవాడి కంటికి అది మూడు అక్షరాల వెడల్పే. ఒత్తులు కలపలేని టెర్మినల్ ఆ ఐదు గళ్లనూ విడివిడిగా ‘ష్ ట్ ర’ అని నింపుతుంది. కలపగలిగినది ఒత్తుని కింద వేసి పక్కన ఖాళీలు వదులుతుంది. తెలుగుకి సమవెడల్పు ఫాంటు వాడుకలో లేదు కాబట్టి నోటో సాన్స్ తెలుగు లాంటి మామూలు ఫాంటును తెచ్చి గళ్లలో ఇరికించడం వల్ల పక్క అక్షరాల మీద పడటం అదనం. పేజీ జరిపినప్పుడు పాత అక్షరాల తోకలు మిగిలిపోతే కంట్రోల్-ఎల్ నొక్కండి, తెర మళ్లీ గీసుకుంటుంది.

శీర్షికల వరకు చాలా టెర్మినళ్లలో ఓపికగా చదువుకోవచ్చు. నాలుగు పేరాల వ్యాసం మాత్రం కళ్లకు శిక్ష. ఎమ్‌ఎల్‌టర్మ్ బహుభాషల కోసమే పుట్టిన టెర్మినల్ కాబట్టి అందులో నయం, అయినా పుస్తకంలా ఉండదు. అందుకే తెలుగుకి సరైన పద్ధతి: ఏరడం ఇక్కడ, చదవడం బ్రౌజర్‌లో. కావలసిన శీర్షిక మీద ఓ నొక్కి ముందుకెళ్లిపోండి.

జాబితాలో వరుసలు వంకర తిరగడానికి మాత్రం మంచి మందుంది. క్వెరీ ఫీడ్‌లో ప్రతి శీర్షికకు ఎడమవైపు అది వచ్చిన ఫీడ్ పేరు 17 గళ్ల నిలువు పట్టీలో వస్తుంది. ఆ పేరు తెలుగులో ఉంటే పట్టీ పక్కకు ఒరిగి, దాని తర్వాతి శీర్షిక ఒక్కో వరుసలో ఒక్కోచోట మొదలవుతుంది. యూఆర్‌ఎల్స్ ఫైల్లో ~ గుర్తుతో ఆ ఫీడ్లకు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి పేర్లు పెట్టండి. శీర్షికలన్నీ ఒకే గీత మీద మొదలవుతాయి. ఇక ఎన్ని వంకరలున్నా శీర్షిక చివరే, చదవడానికి అడ్డు రావు.

తెలుగు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే అది ఫాంటు గొడవ కాదు, లొకేల్ అనే భాషా సెట్టింగుది. లాంగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (దీని పేరు మాత్రం అన్నీ కేపిటల్ అక్షరాలే) యూటీఎఫ్-8 ఉండాలి. టీఈ_ఐఎన్, ఈఎన్_ఐఎన్ ఏదైనా సరే, రెండూ పనిచేస్తాయి. వేరే సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి నడిపేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది.

ఎక్కడ తేడా కొడుతుంది

ఫీడ్ రాకపోతే కింది పట్టీలో ఒక వరుస మెరిసి మాయమవుతుంది, అంతే. రెండొందల ఫీడ్లలో ఏది చచ్చిందో తెలియదు. ఫీడ్‌లిస్ట్-ఫార్మాట్‌లో శాతం గుర్తు, కేపిటల్ ఎస్ చేర్చండి. దింపడంలో తప్పు జరిగిన ఫీడ్ పక్కన ఎక్స్ కనిపిస్తుంది. ఎర్రర్-లాగ్‌కి ఒక ఫైలు పేరిస్తే కారణం కూడా అందులో ఉంటుంది. ఇవి డిఫాల్ట్‌గా లేకపోవడం ఈ ప్రోగ్రాంలో నాకు నచ్చని మొదటి విషయం.

403 వస్తే సర్వర్ మిమ్మల్ని రోబో అనుకుందన్నమాట. యూజర్-ఏజెంట్ (సర్వర్‌కి చెప్పుకునే పేరు) మారిస్తే కొన్ని లొంగుతాయి. క్లౌడ్‌ఫ్లేర్ అనే రక్షణ సేవతో ‘మనిషేనా’ అని పరీక్ష పెట్టేవి లొంగవు, ఆ సైటుకి ఉత్తరం రాయడమే మార్గం. ఫీడ్ ఉండాల్సినచోట మామూలు వెబ్‌పేజీ వస్తుంటే చిరునామా మారిందని అర్థం. ఎక్స్‌ఎమ్‌ఎల్ చెడిపోయిన ఫీడ్లకు ‘ఫిల్టర్:’ అనే రూపం ఉంది. మధ్యలో మీ స్క్రిప్టు పేరు, తర్వాత రెండు చుక్కలు, ఫీడ్ చిరునామా రాస్తే, దింపిన ఫీడ్‌ని మీ స్క్రిప్టు సరిచేశాకే చదువుతుంది. అసలు ఫీడే లేని సైటుకి ‘ఎగ్జెక్:’ ఉంది, స్క్రిప్టు ముద్రించే ఆర్‌ఎస్‌ఎస్‌ని ఫీడ్‌గా తీసుకుంటుంది. ఆ స్క్రిప్టుకి నడిచే అనుమతి ఇవ్వడం మర్చిపోవద్దు. ఇవి కమాండ్లు నడిపే వరుసలు కాబట్టి, ఇంకొకరిచ్చిన ఫీడ్ల జాబితాని (ఓపీఎమ్‌ఎల్ ఫైలు) దించుకున్నాక యూఆర్‌ఎల్స్ ఫైలు తెరిచి ఎగ్జెక్, ఫిల్టర్ వరుసలేమైనా దూరాయేమో చూసుకోండి.

వేళకు కమాండ్లు నడిపే క్రాన్‌లో ‘న్యూస్‌బోట్ -ఎక్స్ రీలోడ్’ పెట్టడం బాగుంటుంది, ఎదురుగా లేనప్పుడు కూడా ఫీడ్లు నిండుతాయి. అయితే ఒక నిల్వ ఫైలు మీద ఒకే న్యూస్‌బోట్ నడవాలన్నది నియమం. మీరు తెరిచి ఉంచితే క్రాన్‌ది ‘ఇప్పటికే నడుస్తోంది’ అని తప్పు చెప్పి వెనుదిరుగుతుంది. టెర్మినల్ మూసినా లోపలి పని ఆగనివ్వని టీమక్స్‌లో ఎప్పుడూ తెరిచి ఉంచేవాళ్లు ఆటో-రీలోడ్ వాడండి, అప్పుడప్పుడు తెరిచేవాళ్లు క్రాన్ వాడండి. రెండూ కలపొద్దు. చదవని వ్యాసాల లెక్క డెస్క్‌టాప్ పట్టీలో చూపించే ‘-ఎక్స్ ప్రింట్-అన్‌రెడ్’కీ ఇదే అడ్డు. నిల్వ ఫైలు మామూలు ఎస్‌క్యూలైట్ డేటాబేసే కాబట్టి, ‘ఆర్‌ఎస్‌ఎస్_ఐటమ్’ పట్టికలో అన్‌రెడ్ 1, డిలీటెడ్ 0 ఉన్న వరుసల్ని నేరుగా లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.

ఫోన్లో చదివింది కంప్యూటర్‌లోనూ చదివినట్టు కనబడాలంటే యూఆర్‌ఎల్స్-సోర్స్‌ని, ఫీడ్లని సర్వర్ మీద ఉంచే మినీఫ్లక్స్‌కో ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్‌కో మార్చాలి. ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్‌కి మామూలు పాస్‌వర్డ్ చెల్లదు. ప్రొఫైల్‌లో ఏపీఐ పాస్‌వర్డ్ వేరుగా పెట్టుకుని, చిరునామా చివర ‘ఏపీఐ/జీరీడర్.పీహెచ్‌పీ’ దాకా ఇవ్వాలి. పాస్‌వర్డ్‌ని కాన్ఫిగ్‌లో బట్టబయలుగా రాయకుండా, దాన్ని ముద్రించే కమాండ్ ఇచ్చే పాస్‌వర్డ్‌ఎవాల్ సెట్టింగులు వాడండి. ఈ పద్ధతిలో ఫీడ్ల జాబితా సర్వర్ నుంచి వస్తుంది, మీ క్వెరీ వరుసలు మాత్రం స్థానిక ఫైలు నుంచే పనిచేస్తాయి.

పాడ్‌కాస్టులకు తోడుగా పాడ్‌బోట్ వస్తుంది. ఈ నొక్కితే వరుసలో చేరతాయి, పాడ్‌బోట్ దింపుతుంది. పని కానిచ్చేస్తుంది, అంతకుమించి ఆశించొద్దు.

దీనికి బదులు ఏముంది

గట్టి పోటీ ఎస్‌ఫీడ్ ఒక్కటే. హిల్త్యో పోస్తుమా సీలో రాసిన చిన్న చిన్న పనిముట్ల సంచి అది. ప్రతి ఫీడ్‌నీ ఒక టెక్స్ట్ ఫైలుగా మారుస్తుంది. వరుసకొక వ్యాసం, ట్యాబ్‌లతో విడదీసిన గడులు: కాలం, శీర్షిక, లంకె, అలా. గ్రెప్, ఆక్, సార్ట్ కమాండ్లు వచ్చినవాళ్లకు ఇక వేరే క్వెరీ భాష అక్కర్లేదు, ఒక్కటే నడవాలన్న తాళం గొడవ లేదు. ఫీడ్‌కి ఎన్‌కోడింగ్ విడిగా చెప్పొచ్చు. కానీ చదివినవీ చదవనివీ గుర్తుంచుకోవడం మీరే అమర్చుకోవాలి. ‘ఎస్‌ఫీడ్_కర్సెస్’కి చదివిన లంకెల ఫైలొకటి చూపించాలి. స్క్రిప్టులు రాసుకోవడం ఇష్టమైనవాళ్లకు ఎస్‌ఫీడ్, పెట్టుకున్న రోజే పని మొదలవ్వాలనుకునేవాళ్లకు న్యూస్‌బోట్. ఈమాక్స్ ఎడిటర్‌లోనే రోజంతా ఉండేవాళ్లకు ఎల్‌ఫీడ్ ఉంది. ఈమాక్స్‌ని కిటికీగా తెరిస్తే ఒత్తులు సరిగ్గా కలుస్తాయి కాబట్టి, తెలుగు వ్యాసాన్ని అక్కడికక్కడే పూర్తిగా చదవాలనుకునేవాళ్లు న్యూస్‌బోట్ కన్నా దాన్నే ముందు చూడాలి.

కొత్త మిషన్‌కి మారేటప్పుడు చిన్న ఈ ఆప్షన్‌తో నడిపితే వచ్చే ఓపీఎమ్‌ఎల్ సరిపోదు, అది ఫీడ్ల జాబితా మాత్రమే. యూఆర్‌ఎల్స్, కాన్ఫిగ్, ‘క్యాష్.డీబీ’ మూడూ కాపీ చేసుకోవాలి. చదివిన గుర్తులూ, జెండాలూ, ఇగ్నోర్ ‘డిస్‌ప్లే’లో దాచినవీ ఆ మూడో ఫైల్లోనే ఉంటాయి. కాపీ చేసేముందు క్యూ నొక్కి న్యూస్‌బోట్‌ని పూర్తిగా మూసెయ్యండి, క్రాన్‌ వరుస ఉంటే దాని ముందు హ్యాష్ పెట్టండి. రాస్తున్న మధ్యలో తీసిన డీబీ కాపీ కొత్త మిషన్‌లో తెరుచుకోకపోవచ్చు.